లింఫోమా చికిత్సలో రక్తకణముల సాక్ష్యము

ప్రాచీన గ్రీకు వైద్యులు క్యాన్సరు వ్యాధికి కార్కినోస్ అని పేరిడిరి. ఆ మాటకు ఎండ్రకాయ అని అర్థము. అరబ్బీ వైద్యులు దానినే సర్తాన్ అనిరి. ఉర్దూ భాషలో నేటికిని అదే పేరు నిలిచియున్నది. కణితి చుట్టును ఉబ్బిన నాళములు ఎండ్రకాయ కాళ్ళవలె కనబడుటయే ఈ పేరునకు కారణమందురు. మన పల్లెలలో పెద్దలు ఈ వ్యాధిని రాచపుండు అందురు. పుండు అను మాట విన్నవారికి రసి కారు గాయము, భరింపరాని నొప్పి మనస్సునకు వచ్చును. కాని క్యాన్సరులలో ఒక జాతి సాధారణముగా పుండుతో గాని, నొప్పితో గాని ఆరంభము కాదు. మెడలోనో, చంకలోనో, గజ్జలోనో నొప్పి లేని బిళ్ళ యొకటి కట్టును. అది మెల్లమెల్లగా పెరుగును. లింఫోమా అని పిలువబడు ఈ వ్యాధి శోషరస గ్రంథులలో పుట్టు క్యాన్సరు.

ఈ వ్యాధికి నేడు మంచి చికిత్స కలదు. పెక్కుమంది పూర్తిగా కోలుకొనుచున్నారు. అయినను ఒకే మందు తీసికొన్న ఇద్దరిలో ఒకరికి వ్యాధి నయమగుటయు, మరియొకరికి తిరుగబెట్టుటయు కలదు. చికిత్స ప్రారంభింపక పూర్వమే ఆ భేదమును కొంతవరకైనను గుర్తింప వీలగునా? చిన్న పట్టణములోని ఆసుపత్రిలో సైతము జరుగు సామాన్య రక్తపరీక్ష ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పగలదు. ఆ సమాధానము ఎంతవరకు నమ్మదగినది, దానిని ఏ పనికి వినియోగింపవలెను, ఏ పనికి వినియోగింపరాదు అను విషయములను విద్యార్థులకు తెలియజేయుటయే ఈ వ్యాసము ఉద్దేశ్యము.

శోషరస వ్యవస్థ

మన శరీరమున రక్తనాళములతోపాటు మరియొక నాళవ్యవస్థ కలదు. సన్నని రక్తనాళికల నుండి ఊరి కణముల నడుమ చేరిన ద్రవమును సేకరించి మరల రక్తములో కలుపుట దాని పని. ఆ ద్రవమే శోషరసము, లేక లింఫు. ఈ నాళముల దారిలో చిక్కుడు గింజల ఆకారమున గ్రంథులు అమరియుండును. కర్నూలు - కడప కాలువ గట్టుపై లస్కరు ఒక్కొక్క తూమును కనిపెట్టియున్నట్లు, ఈ గ్రంథులు తమ గుండా ప్రవహించు ద్రవమును పరీక్షించుచుండును. రోగక్రిమి వచ్చినచో అచటనే అడ్డగించును. కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినపుడు గజ్జలో బిళ్ళ కట్టుట అందరును ఎరిగినదే. అది గ్రంథి తన విధిని నిర్వర్తించుచున్నదనుటకు గుర్తు.

ఈ గ్రంథులలో కాపలా కాయు తెల్లకణములే లింఫోసైట్లు. వీనిలో బి కణములు ప్రతిదేహములను తయారుచేయును. టి కణములు క్రిమి సోకిన కణములను గుర్తించి చంపును. ఇతర రక్షకకణములను నడిపించును. ఏ కారణము చేతనైనను ఒక లింఫోసైటు అదుపు తప్పి, తనవంటి కణములనే అసంఖ్యాకముగా పుట్టించినచో అది లింఫోమా అగును. కాపలావాడే దొంగయైనట్లన్నమాట. ఈ వ్యాధిని హాడ్జ్‌కిన్ లింఫోమా, హాడ్జ్‌కినేతర లింఫోమా అని రెండు తెగలుగా విభజింతురు. రెండవ తెగలో ఎన్నియో రకములున్నవి. వానిలో డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అనునది మిక్కిలి సామాన్యమైనది.

గండమాలయా, లింఫోమాయా?

మెడచుట్టును బిళ్ళలు హారమువలె వరుసగా కట్టు వ్యాధిని ఆయుర్వేదమున గండమాల అనిరి. ఉర్దూ మాటలాడువారు కంఠమాల అందురు. యునానీ హకీములు ఖనాజీర్ అందురు. ఈ పేర్లతో పిలువబడిన వ్యాధులలో అధికభాగము క్షయక్రిమి వలన కలుగునవే. మన ప్రాంతమున క్షయ అరుదైన వ్యాధి కాదు. చాలినంత తిండి లేనివారిలోను, రాళ్ళు కొట్టు పనిలో సిలికా ధూళిని పీల్చువారిలోను అది మరింత సులభముగా తలయెత్తును. కావున మెడలో బిళ్ళ కనబడినంతనే క్షయ యని తలచుట సహజమే. ఆ తలంపు పలుమార్లు నిజమగును. నిజము కానపుడు మాత్రము నష్టము పెద్దది. రోగి ఆరు మాసములు క్షయ మందులు మ్రింగుచుండ, లోపల లింఫోమా తన దారిన పెరుగుచునే యుండును. రెండు వ్యాధులలోను జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట కనబడుటచే పైకి భేదము తెలియదు.

ఈ పొరపాటు పల్లెవైద్యులకు మాత్రమే పరిమితమైనది కాదు. లండను నగరములోని గైస్ ఆసుపత్రికి చెందిన థామస్ హాడ్జ్‌కిన్ 1832లో శోషరస గ్రంథులు, ప్లీహము ఉబ్బి మరణించిన ఏడుగురి వృత్తాంతమును ప్రకటించెను. 1865లో శామ్యూల్ విల్క్స్ అను వైద్యుడు ఆ వ్యాధికి హాడ్జ్‌కిన్ పేరు పెట్టెను. 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్ ఆ గ్రంథులలోని విచిత్రమైన పెద్దకణములను వర్ణించెను గాని, ఇది క్షయలో ఒక ప్రత్యేకరూపమేయని భావించెను. 1902లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ సంస్థలో పనిచేయుచుండిన డొరతీ రీడ్ అను యువవైద్యురాలు సూక్ష్మదర్శినితో శ్రద్ధగా పరిశీలించి, ఇది క్షయ కాదనియు, వేరొక వ్యాధియనియు నిరూపించెను. నేటికిని ఆ కణములను రీడ్ - స్టెర్న్‌బర్గ్ కణములందురు.

కాబట్టి విద్యార్థులు మొదట గ్రహింపవలసిన విషయమిది: లింఫోమా ఉన్నదా లేదా అను నిర్ణయము సామాన్య రక్తపరీక్షతో జరుగదు. బిళ్ళను శస్త్రచికిత్సతో తీసి, ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించుటయే నిర్ణయమునకు మార్గము. సన్నని సూదితో తీసిన కొద్ది కణములు క్షయను గుర్తించుటకు తరచుగా చాలును. లింఫోమా రకమును నిర్ణయించుటకు వీలైనంతవరకు పూర్తి గ్రంథియే కావలెను. పరీక్షకు ముందుగా స్టెరాయిడ్ మందులు వాడినచో బిళ్ళ తాత్కాలికముగా కరగి, వ్యాధి రూపము మారి, నిర్ణయమే చిక్కుబడును. నిర్ణయము జరిగిన పిమ్మట, ముందేమగునని అడుగునపుడు మాత్రమే రక్తపరీక్ష సాక్ష్యమునకు విలువ కలుగును.

రక్తపు చుక్కలో ఏమి లెక్కింతురు?

తెల్లకణములకు రంగులద్ది వాని జాతులను విడదీయు పద్ధతిని 1879 ప్రాంతమున జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ ప్రారంభించెను. మన ప్రయోగశాలలలో విరివిగా వాడు లీష్మన్ రంగు 1901 నాటిది. జంతుశాస్త్ర విద్యార్థులు గాజుపలకపై రక్తమును పలుచగా పరచి, ఈ రంగు వేసి, నూరు తెల్లకణములను లెక్కించి ఏ జాతి ఎంత శాతమో వ్రాయుట ప్రయోగతరగతిలో చేయునదే. పెద్ద ఆసుపత్రులలో నేడు ఈ లెక్కను యంత్రము నిమిషములో చేయును. సూత్రము మాత్రము మారలేదు.

ఆరోగ్యవంతుడైన పెద్దవానికి ఒక ఘన మిల్లీమీటరు రక్తమున సుమారు 4,000 నుండి 11,000 వరకు తెల్లకణములుండును. వానిలో న్యూట్రోఫిల్లు సుమారు 40 నుండి 75 శాతము. లింఫోసైట్లు 20 నుండి 40 శాతము. మోనోసైట్లు 2 నుండి 10 శాతము. ఇసినోఫిల్లు 1 నుండి 6 శాతము. బేసోఫిల్లు ఒక శాతమునకు మించవు. న్యూట్రోఫిల్లు చీము పట్టించు క్రిములతో ముందుగా పోరాడునవి. మోనోసైట్లు రక్తము వీడి కండరములు, గ్రంథులు మొదలగు భాగములలో ప్రవేశించి మాక్రోఫేజులను భక్షకకణములుగా మారును.

ఏడు ప్రశ్నలు

1998లో డిర్క్ హాసెన్‌క్లెవర్, ఫోల్కర్ డీల్ అను జర్మనీ శాస్త్రజ్ఞులు ముదిరిన హాడ్జ్‌కిన్ వ్యాధి కల 5,141 మంది రోగుల వివరములను పరిశీలించి, చికిత్సా ఫలితమును ముందుగా సూచించు అంశములు ఏడింటిని ఏరి ప్రకటించిరి. అవి యివి:

1. రక్తములో ఆల్బుమిన్ అను మాంసకృత్తు డెసిలీటరునకు 4 గ్రాములకు తక్కువగా నుండుట.
2. హీమోగ్లోబిన్ డెసిలీటరునకు 10.5 గ్రాములకు తక్కువగా నుండుట.
3. రోగి పురుషుడగుట.
4. వయస్సు 45 సంవత్సరములు గాని, అంతకు మించి గాని యుండుట.
5. వ్యాధి నాలుగవ దశకు చేరుట.
6. తెల్లకణములు ఘన మిల్లీమీటరునకు 15,000 గాని, అంతకు మించి గాని యుండుట.
7. లింఫోసైట్లు 600కు తక్కువగా నుండుట, లేదా మొత్తము తెల్లకణములలో 8 శాతమునకు తక్కువగా నుండుట.

ప్రతి అంశమునకు ఒక గుర్తు. ఒక్క అంశమును లేనివారిలో నూటికి 84 మందికి ఐదేండ్ల వరకు వ్యాధి మరల పెరుగలేదు. ఐదు గాని, అంతకు మించి గాని అంశములున్నవారిలో ఆ సంఖ్య 42 మాత్రమే. ఈ ఏడింటిలో ఒకటి, రెండు, ఆరు, ఏడు సంఖ్యలు గల నాలుగు అంశములు కేవలము రక్తపరీక్షతోనే తెలియునవి. వానిని కొలుచుటకు ఖరీదైన స్కానింగు యంత్రముతో పనిలేదు. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, రాయచోటి వంటి పట్టణములలో జరుగదగిన పరీక్షలే చాలును.

హాడ్జ్‌కినేతర లింఫోమాలకు ఇట్టి పట్టిక 1993లోనే వెలువడినది. వయస్సు 60 దాటుట, వ్యాధి మూడవ లేక నాలుగవ దశకు చేరుట, గ్రంథులకు వెలుపల ఒకటికి మించిన చోట్ల వ్యాపించుట, రోగి తన పనులు తాను చేసికొను శక్తి తగ్గుట, రక్తములో లాక్టేట్ డిహైడ్రోజినేస్ అను ఎంజైము హెచ్చుట అను ఐదు అంశములు దానిలో కలవు. కణములు శీఘ్రముగా పెరిగి నశించుచున్నపుడు ఈ ఎంజైము రక్తములో చేరును. కనుక అది లోపలి వ్యాధిభారమును తెలుపు కొలబద్ద వంటిది.

రెండు నిష్పత్తులు

ఇటీవలి సంవత్సరములలో పరిశోధకులు మరియొక సులభమైన మార్గమును పరిశీలించుచున్నారు. న్యూట్రోఫిల్ల సంఖ్యను లింఫోసైట్ల సంఖ్యచే భాగించిన వచ్చునది మొదటి నిష్పత్తి. లింఫోసైట్ల సంఖ్యను మోనోసైట్ల సంఖ్యచే భాగించిన వచ్చునది రెండవది. మొదటిది హెచ్చుగను, రెండవది తక్కువగను ఉన్న రోగులలో చికిత్సా ఫలితము సగటున కొంత తక్కువగా నుండునని పెక్కు దేశముల పరిశీలనలు తెలుపుచున్నవి.

లెక్కను ఒక ఉదాహరణముతో చూతము. ఒక రోగికి తెల్లకణములు 9,000. వానిలో న్యూట్రోఫిల్లు 72, లింఫోసైట్లు 18, మోనోసైట్లు 6, ఇసినోఫిల్లు 4 శాతము అనుకొందము. అనగా న్యూట్రోఫిల్లు 6,480, లింఫోసైట్లు 1,620, మోనోసైట్లు 540. మొదటి నిష్పత్తి 4, రెండవది 3. మరియొక రోగికి తెల్లకణములు 16,000. న్యూట్రోఫిల్లు 84, లింఫోసైట్లు 5, మోనోసైట్లు 9, ఇసినోఫిల్లు 2 శాతము అనుకొందము. న్యూట్రోఫిల్లు 13,440, లింఫోసైట్లు 800, మోనోసైట్లు 1,440. మొదటి నిష్పత్తి 16.8, రెండవది సుమారు 0.56. రెండవ రోగి లింఫోసైట్లు 600 కంటె ఎక్కువే యైనను, శాతము 8 కంటె తక్కువగుటచే పై పట్టికలోని ఏడవ అంశము అతనికి వర్తించును. తెల్లకణములు 15,000 దాటుటచే ఆరవ అంశమును వర్తించును. సంఖ్యను, శాతమును రెండింటిని చూడవలెననుటకు ఇది చక్కని నిదర్శనము.

ఈ అంకెల వెనుక గల కారణమేమి? లింఫోసైట్లు క్యాన్సరు కణములను గుర్తించి చంపు సేన వంటివి. అవి తగ్గుట శరీరము తన పోరాటశక్తిని కోల్పోవుచున్నదనుటకు చిహ్నము. న్యూట్రోఫిల్లు, మోనోసైట్లు హెచ్చుట కణితి తన చుట్టును వాపును రేకెత్తించుచున్నదనుటకు చిహ్నము. మోనోసైట్ల నుండి పుట్టిన భక్షకకణములు కొన్ని సందర్భములలో శత్రువును మ్రింగుటకు మారుగా, కణితికి పోషకముగా మారి, క్రొత్త రక్తనాళములు పుట్టుటకు తోడ్పడును. హాడ్జ్‌కిన్ వ్యాధి గల గ్రంథులలో ఇట్టి భక్షకకణములు మిక్కుటముగా నున్నవారికి చికిత్స సరిగా ఫలింపకుండుటను 2010లో కెనడా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రక్తములోని మోనోసైట్ల లెక్క, గ్రంథిలోపల జరుగు ఈ వ్యవహారమునకు వెలుపలి నీడ యని ఊహింపవచ్చును.

అంకెలు మోసగించు సందర్భములు

మంచి సాక్షి సైతము పొరబడవచ్చును. న్యూమోనియా సోకినవానికి న్యూట్రోఫిల్లు హెచ్చును. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు మ్రింగినవానికి న్యూట్రోఫిల్లు హెచ్చి లింఫోసైట్లు తగ్గును. ఊరిలో ఎవరో ఇచ్చిన సూదిమందులో స్టెరాయిడ్ ఉండెనేమో రోగికే తెలియదు. క్షయ సోకినవానికి లింఫోసైట్లు తగ్గి మోనోసైట్లు హెచ్చవచ్చును. కడుపులో నులిపురుగులున్నవానికి ఇసినోఫిల్లు హెచ్చును. హాడ్జ్‌కిన్ వ్యాధిలోను అట్లే హెచ్చవచ్చును. హీమోగ్లోబిన్ తగ్గుటకు మన స్త్రీలలో ఇనుము లోపమే సామాన్యకారణము. ఆల్బుమిన్ తగ్గుటకు పోషణలోపము సైతము కారణము కావచ్చును. ఐరోపా, అమెరికా రోగులపై నిర్మించిన పట్టికను రాయలసీమ రోగికి అన్వయించునపుడు వైద్యుడు ఈ విషయములన్నింటిని మనస్సునందుంచుకొనవలెను.

సేకరణలోని దోషములును కలవు. గంటలకొలది నిలువయున్న రక్తములో కణముల రూపము మారును. మన వేసవి ఎండలో సీసాను చేతబట్టుకొని బస్సులో దూరము తీసికొనిపోయినచో ఎర్రకణములు పగిలి, వానిలోని లాక్టేట్ డిహైడ్రోజినేస్ బయటపడి, లేని వ్యాధిభారమును ఉన్నట్లు చూపును. నిష్పత్తులలో ఎంత దాటిన ప్రమాదమను గీటు విషయమున పరిశోధకులందరు ఏకాభిప్రాయమునకు రాలేదు. ఒక్కొక్క పరిశీలన ఒక్కొక్క అంకెను గైకొనినది. కాబట్టి నిష్పత్తులు సహాయకములే గాని, స్వతంత్ర నిర్ణేతలు కావు.

కణముపైనున్న గుర్తు

ఇంతవరకు కణముల సంఖ్యను గూర్చి చెప్పితిమి. కణము ఉపరితలమునందలి గుర్తులు మరియొక విధమైన సాక్ష్యము. ప్రతి జాతి తెల్లకణముపైనను ప్రత్యేకమైన మాంసకృత్తులు పొడుచుకొనియుండును. వానికి సి.డి. అను అక్షరములతో వరుస సంఖ్యలిచ్చిరి. బి కణములపై సి.డి. 20 ఉండును. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అను శాస్త్రజ్ఞులు ఒకే గుర్తును పట్టుకొను ప్రతిదేహములను కోరినంత తయారుచేయు పద్ధతిని కనుగొనిరి. 1984లో వారికి నోబెల్ బహుమానము లభించెను. ఆ పద్ధతిలో సి.డి. 20ను పట్టుకొనునట్లు తయారైన మందే రిటుక్సిమాబ్. 1997లో అమెరికాలో దానికి అనుమతి లభించెను. గ్రంథి ముక్కలో సి.డి. 20 ఉన్నదా లేదా అను పరీక్షయే ఈ మందు వాడదగునా కాదా అనుటకు ఆధారము. సామాన్య రక్తపరీక్ష రాబోవు ఫలితమును సూచించును. ఈ గుర్తు మందును ఎన్నుకొనుటకు దారి చూపును. ఈ మందుకు పూర్వము హెపటైటిస్ బి పరీక్ష చేయుట తప్పనిసరి. ఏలయన కాలేయములో అణగియున్న ఆ వైరసు ఈ మందు వలన మరల విజృంభింపవచ్చును.

తెలుగువారి పాత్ర

ఈ చికిత్సల చరిత్రలో తెలుగువారికి గౌరవస్థానము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులను స్ప్రూ అను రక్తహీనత కలిగించు వ్యాధికి కోల్పోయెను. అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వము వహించి, రక్తకణముల ఉత్పత్తికి అవసరమైన ఫోలిక్ ఆమ్లమును సాధించిన బృందమును నడిపెను. ఆ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్ అను మందును ఆ బృందమే తయారుచేసెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకిచ్చి, పదిమందికి తాత్కాలికముగా గుణము కలిగినదని 1948లో ప్రకటించెను. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావు మరణించెను. ఆ కుదురునకే చెందిన మెథోట్రెక్సేట్, 1958లో డెనిస్ బర్కిట్ ఆఫ్రికా పిల్లలలో వర్ణించిన లింఫోమాకు చికిత్సగా ఉపయోగపడినది. నేటికిని కొన్ని లింఫోమాలలో, ముఖ్యముగా మెదడునకు వ్యాపించువానిలో వాడుకలోనున్నది.

2007లో హైదరాబాదు నగరమునకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ రిటుక్సిమాబ్‌తో సమానమైన మందును రెడిటక్స్ అను పేరుతో మూలఔషధము కంటె చాల తక్కువ వెలకు విడుదల చేసెను. అదే సంవత్సరము ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకములో క్యాన్సరు చికిత్సయు చేరుటచే, భూమి అమ్ముకొననిదే వైద్యము లేదను దుస్థితి కొంత తగ్గినది.

అంకె తీర్పు కాదు

రోగముయొక్క ముందుగతిని తెలిసికొనవలెనను కోరిక పురాతనమైనది. ఆయుర్వేదమున సాధ్యాసాధ్య విచారమనునది ఇదియే. గ్రీకు వైద్యుడు హిప్పొక్రటీసు పేర వెలసిన రోగసూచక గ్రంథమును అరబ్బులు తఖ్దిమతుల్ మారిఫా అను పేర అనువదించుకొనిరి. పూర్వవైద్యుడు నాడిని, ముఖవర్ణమును చూచి చెప్పినదానిని నేటి వైద్యుడు కణముల లెక్కతో చెప్పుచున్నాడు. ఉద్దేశ్యము మాత్రము ఒకటే: చేయదగిన చికిత్సను సకాలమున చేయుట.

ఇచటనే ఒక అపాయము పొంచియున్నది. అంశములు ఎక్కువగా నున్నవని విన్న కుటుంబము, ఇక వైద్యమేల, ఉన్న ఎకరమును ఏల అమ్మవలె నని వెనుకకు మరలవచ్చును. అట్టివారికి రెండు సంగతులు తెలియవలెను. మొదటిది, 1998 నాటి పట్టికలో అన్నింటికంటె క్లిష్టమైన వర్గమునకు చెందినవారిలో సైతము నూటికి 56 మంది ఐదేండ్ల పిమ్మట జీవించియుండిరి. ఏ ఒక్క రోగి ఆ 56 మందిలో చేరునో, మిగిలిన 44 మందిలో చేరునో పట్టిక చెప్పజాలదు. అది సమూహమునకు సంబంధించిన గణితము. రెండవది, చికిత్స మెరుగైనకొలది పట్టికయే మారును. 2012లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రోగులపై అదే ఏడు అంశములను మరల పరిశీలింపగా, వ్యాధి మరల పెరుగనివారి శాతము వివిధ వర్గములలో 88 నుండి 62 వరకు ఉండెను. 84 నుండి 42 వరకుండిన అంతరము తగ్గినది. అట్లే 2002లో ప్రకటింపబడిన ఫ్రాన్సు పరిశీలనలో, డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా గల 60 నుండి 80 ఏండ్ల వయస్సు వారికి పాతమందులతోపాటు రిటుక్సిమాబ్ ఇచ్చినపుడు రెండేండ్లకు జీవించియున్నవారు నూటికి 57 నుండి 70కి పెరిగిరి. కణముల లెక్క విధి వ్రాసిన నొసటివ్రాత యైనచో, మందు మారినంతనే అది మారదు గదా.

కావున చెడు అంకె కనబడిన రోగికి వైద్యము మానుట కాక, మరింత జాగ్రత్త వహించుట కర్తవ్యము. అట్టివానిని త్వరగా పెద్ద ఆసుపత్రికి పంపవలెను, సోకు వ్యాధులేమైన నున్నచో ముందుగా కనుగొనవలెను, ఆహారమును మెరుగుపరుపవలెను, చికిత్స నడుమ తరచుగా పరీక్షింపవలెను. అంకె బాగుగానున్న రోగికి సైతము నిర్లక్ష్యము పనికిరాదు.

విద్యార్థుల కర్తవ్యము

మన ప్రాంతపు రోగులు కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి, తిరుపతికి, వేలూరికి, బెంగుళూరికి, 1955లో స్థాపితమైన హైదరాబాదులోని మెహ్దీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రికి పోవుచుందురు. సాధారణముగా మూడు వారములకొకసారి చొప్పున ఆరు పర్యాయములు మందెక్కింపవలసియుండును. ప్రతి పర్యాయము బస్సు ఛార్జీ, తోడువచ్చినవాని కూలినష్టము, బసఖర్చు తప్పవు. రెండు మూడు పర్యాయములలోనే బిళ్ళలు కరగి రోగికి సుఖముగా నుండును. ఇక నయమైనదని చికిత్స మానివేయుట ఈ దశలోనే జరుగును. మిగిలియున్న కణములు మందునకు లొంగని బలము సంపాదించి తిరిగివచ్చును. రక్తపరీక్షలోని ఏ అంకె కంటెను చికిత్సను సగములో మానుట హెచ్చు ప్రమాదకరము.

విద్యార్థి మిత్రులారా, మీలో వైద్యులగువారు కొందరే కావచ్చును. కాని చదువుకొన్నవాని మాటను ఇంటిలోను, వీధిలోను ఆలకించువారు కలరు. మూడు నాలుగు వారములు దాటినను తగ్గని నొప్పిలేని బిళ్ళను, దానితోపాటు జ్వరమును, రాత్రివేళ బట్టలు తడియు చెమటను, కారణము లేని బరువు తగ్గుటను చూచినచో, ముక్కపరీక్ష జరిగినదా అని అడుగుడు. క్షయ మందులు వాడుచున్నను బిళ్ళ పెరుగుచున్నచో మరల పరీక్ష చేయింపుమని చెప్పుడు. రక్తపరీక్ష కాగితములను పారవేయక తేదీల వరుసను భద్రపరుపుమని చెప్పుడు. మొదటినాటి కాగితము వైద్యునకు ఎంతయో ఉపయోగించును. మందెక్కించుకొను రోగికి రక్తము కావలసివచ్చినపుడు ముందునకు రండు. వైద్యమునకు పోవు బీదరోగికి తోడుగా పోయి, పథకపు కాగితములు వ్రాసిపెట్టుడు. కళాశాల పాలకవర్గమువారు ఏటేటా రక్తదాన శిబిరమొకటి నిర్వహించి, తెలుగు, ఉర్దూ భాషలలో ఈ లక్షణములను తెలుపు చిన్న కరపత్రమును పంచిపెట్టినచో, సూక్ష్మదర్శిని క్రింద విద్యార్థి నేర్చిన నూరు కణముల లెక్క ఊరివారికి ప్రాణరక్షకమగును.